తొట్టె లేచిన టిప్పరు

ఆనందపురమునుండి పెందుర్తి, సబ్బవరముల మీదుగా అనకాపల్లి చేరు జాతీయ రహదారిని సుమారు 50 కిలోమీటర్ల మేర ఆరు వరుసలుగా విస్తరించిన కాలమున, గట్టులకు వలసిన మట్టియు కంకరయు టిప్పర్లమీదనే తరలివచ్చినవి. ఆ బండ్లు దారిలో ఎదురైనపుడు వాటి వేగమునకు జంకు మనము, పనిస్థలమున అవి ఇంచుమించు నిలిచియున్న వేళనే ప్రాణాంతకములగునను సంగతిని అంతగా గమనింపము.

పరుగిడు బండిలో బరువు క్రిందనుండును. జాకీ పొడుగై తొట్టె లేచినప్పుడో, సరకింకను జారకమునుపే గురుత్వకేంద్రము పైకెక్కును. ఆ క్షణమున వెనుక చక్రములలో ఒకటి, నిన్నమొన్న పోసి ఇంకను రోలరు తొక్కని మట్టిలో జానెడు దిగబడినను బండి ప్రక్కకు ఒరిగి పడవచ్చును. అందువలననే పని తెలిసిన డ్రైవరు ముందుగా దిగి నేలను తొక్కిచూచును. గట్టు అంచున మట్టి దింపవలసివచ్చినచో, చక్రపుటెత్తులో సగమునకైనను తగ్గని మట్టికట్ట అడ్డముగా లేనిదే వెనుకకు పోనీయడు.

వానకాలపు చిక్కు వేరు. తడిసిన ఎర్రమట్టి తొట్టె పైభాగమున కరచుకొని, క్రిందిది జారిపోయినను తాను కదలదు. దానిని రాల్చుటకు, లేచిన తొట్టెతోనే బండిని ముందు వెనుకలకు కుదుపుట పలుచోట్ల కానవచ్చు అలవాటు. ఇంతకంటె అవివేకము వేరొకటి లేదు. తొట్టెను దింపి, మట్టిని విడదీసి, మరల లేపుటయే మార్గము. కాని ట్రిప్పునకింత యని కూలి ముట్టజెప్పుచోట ఆ పావుగంటను ఎవరు భరింతురు? తప్పంతయు డ్రైవరుపై మోపుట నాకు న్యాయముగ తోచదు. 1996నాటి నిర్మాణ కార్మికుల చట్టముక్రింద 1998లో వెలువడిన కేంద్ర నియమములలో మట్టి త్రవ్వు, మోయు యంత్రములకు ప్రత్యేకాధ్యాయమే చేర్చిరి; నేల చదును చేయించుటయు, రాకపోకలకు తగిన దారులేర్పరచుటయు పని చేయించువాని బాధ్యతలే.

క్లీనరు సంగతి మరువరాదు. “రానీ, రానీ” యని కేకలిడుచు అతడు బండికి సరిగా వెనుకనే నిలుచును. అద్దములకందని చోటు అదియే! అతడు ప్రక్కగా, డ్రైవరు అద్దమున కనబడునట్లు నిలువవలెను. కనుమరుగైన మరుక్షణమే బ్రేకు పడవలెను. లేచిన తొట్టె క్రింద మరమ్మతునకు దూరువాడు జాకీని నమ్మక, ఉక్కు ఊతను నిలిపిన పిదపనే దూరవలెను.

ఇక తీగలు. వీధిని అడ్డముగా దాటు 11 కిలోవోల్టుల తీగ కనీసము 6.1 మీటర్ల యెత్తున ఉండవలెనని 1956నాటి విద్యుత్తు నియమములు విధించినవి. పూర్తిగా లేచిన పెద్ద తొట్టె ఆ యెత్తును అందుకొనగలదు. తొట్టె తీగను తాకినచో డ్రైవరు కంగారుపడి దిగరాదు, సీటులోనే ఉండవలెను. మంటలు లేచి దిగక తప్పనప్పుడు, బండిని నేలను ఏకకాలమున తాకకుండ, పాదములు రెండును జోడించి దూరముగా దుమికి, జోడించిన పాదములతోనే గెంతుచు తొలగవలెను. సరఫరా నిలిపితిమని విద్యుత్తు శాఖవారు చెప్పువరకు, అతనిని కాపాడుటకైనను ఎవ్వరును బండి దరిచేరరాదు.