బ్రేకు పడకపోతే ఎన్ని మీటర్లు?

ఫెనోమ్ 100 చిన్న జెట్. దిగేటప్పుడు దాని బరువు 4,400 కిలోల దాకా ఉండొచ్చు. గంటకు 185 కిలోమీటర్ల వేగంతో నేలను తాకిందనుకుందాం. ఆ వేగాన్ని అణచాల్సింది ముఖ్యంగా రెండు చక్రాల బ్రేకులే. ఇంజన్ గాలిని ముందుకు మళ్లించి వేగం తగ్గించే థ్రస్ట్ రివర్సర్లు పెద్ద విమానాలకుంటాయి, దీనికి లేవు. 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న 35 కార్లను ఒకేసారి ఆపినంత పని అది. అదంతా వేడిగా మారి బ్రేకు డిస్కుల్లోకి చేరాలి.

బ్రేకులు గట్టిగా పట్టి, ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 3 మీటర్ల చొప్పున తగ్గితే 440 మీటర్లలో ఆగుతుంది. పట్టు సగమైతే 880 కావాలి. 1,200 మీటర్ల రన్‌వేలో 300 దాటాక చక్రాలు ఆనాయంటే మిగిలింది 900, అంటే గట్టెక్కినట్టే. కానీ పెడల్ తొక్కినా బ్రేకు పడట్లేదని పైలట్‌కు అర్థమవడానికే 3 సెకన్లు పట్టిందనుకోండి, 150 మీటర్లు అప్పటికే అయిపోతాయి. ఆ తర్వాత సగం పట్టే దొరికితే, రన్‌వే చివరికొచ్చేసరికి విమానం ఇంకా 70 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో ఉంటుంది.

ఫెనోమ్ 100లో పెడల్‌కూ చక్రానికీ మధ్య కంప్యూటర్ ఉంటుంది. అది మొరాయిస్తే ఎమర్జెన్సీ బ్రేకు లివరే దిక్కు. అక్యుములేటర్‌లో దాచిన హైడ్రాలిక్ ఒత్తిడితో అది పనిచేస్తుంది. చిక్కల్లా దానికి యాంటీ స్కిడ్ లేకపోవడం. కంగారులో ఒక్క గుంజు గుంజితే చక్రాలు బిగుసుకుపోయి, టైర్లు రన్‌వేకి రాసుకుని పేలిపోవచ్చు. కొద్దికొద్దిగా లాగాలి. కళ్లముందు రన్‌వే కరిగిపోతుంటే నెమ్మదిగా లాగడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

బ్రేకులు బాగున్నా అంకెలు కలిసిరాకపోతే ఇదే గతి. 2015 జులై 31న ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బుష్‌లో దిగిన ఫెనోమ్ 300 సంగతి చూడండి. రన్‌వే అంచు దగ్గర ఉండాల్సిన వేగం 108 నాట్లు, ఉన్నది 151. వేగం 40 శాతమే ఎక్కువ, కానీ శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి దాదాపు రెట్టింపయింది. దిగడానికి ఉన్న 1,059 మీటర్లలో 710 దాటాక గానీ చక్రాలు నేలను తాకలేదు. ఆ 1,059 మీటర్లకు అవతల ఉన్నదాన్నీ కలుపుకుంటే అక్కణ్నుంచి మిగిలిన గట్టి నేల 438 మీటర్లు. చివరన కూడా వేగం 83 నాట్లు, అంటే గంటకు 154 కిలోమీటర్లు. అవతల మట్టికట్టను, కార్లను ఢీకొని మంటల్లో చిక్కుకుంది. విమానంలో ఉన్న నలుగురూ మరణించారు.

అమెరికాలో అద్దెకు తిప్పే జెట్లు మామూలుగా రన్‌వే పొడవులో 60 శాతంలోపే ఆగగలమని బయల్దేరే ముందే లెక్క చూపాలి. 1,200 మీటర్ల రన్‌వే అయితే 720. సొంత జెట్ నడుపుకునేవాళ్లకు ఈ నిబంధన వర్తించదు. అయినా ఆ లెక్క వేసుకుంటే వద్దనేవాళ్లెవరూ లేరు.