అంతర్వేది: నదీ సముద్రాల మధ్య ఒక గ్రామ చరిత్ర – భూగోళం

ఉపోద్ఘాతం:

గ్రామ చరిత్రను శాసనాలు, కైఫీయతులు, స్థలపురాణాల ఆధారంగా నిర్మించడం తెలుగు పరిశోధనలో స్థిరపడిన పద్ధతి. డెల్టా గ్రామాల విషయంలో ఈ ఆధారాలు మాత్రమే చాలవు. అక్కడ నేల కూడా ఒక చారిత్రక పత్రమే. కోనసీమలోని సఖినేటిపల్లి మండలానికి చెందిన అంతర్వేది ఇందుకు తగిన ఉదాహరణ. ఈ గ్రామానికి పడమర వశిష్ఠ గోదావరి, దక్షిణాన బంగాళాఖాతం ఉన్నాయి. ఈ గ్రామపు పేరు, పురాణం, ఆలయం, ఉత్సవాలలో ఆ రెండు జలాల ప్రభావాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేల పుట్టుక:

త్ర్యంబకం వద్ద పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరి, ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ అనే రెండు ప్రధాన పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి పి. గన్నవరం ప్రాంతంలో వైనతేయ విడిపోయి ఓడలరేవు వద్ద సముద్రంలో కలుస్తుంది. వశిష్ఠ, వైనతేయల మధ్య గల రాజోలు ప్రాంతపు లంకభూమికి నైరుతి కొన అంతర్వేది. నది, సముద్రం కలిసే చోట ఏర్పడిన ఇసుక మేటను స్థానికులు 'అన్నాచెల్లెళ్ల గట్టు' అంటారు.

నది తెచ్చిన ఒండ్రును అలలు తీరం వెంబడి పేర్చగా ఇక్కడి నేల ఏర్పడింది. తీరానికి సమాంతరంగా వరుసలుగా కనిపించే ఇసుక దిబ్బలు ఒకప్పటి సముద్రతీరాల ఆనవాళ్లు. దిబ్బల మీద కొబ్బరి, వాటి మధ్య పల్లపు నేలల్లో వరి పెరగడం ఈ నేలతీరు వల్లనే. ఇక్కడ రెండు మూడు అడుగుల ఎత్తు కూడా నివాసయోగ్యతను నిర్ణయిస్తుంది. లంక, దిబ్బ, మెరక, పల్లం అనే మాటలు ఇక్కడి ఊళ్ల, వీధుల పేర్లలో తరచుగా వినిపించడానికి కారణం ఇదే. అంతర్వేదిలో స్వామి రథం సాగే దారిలోని 'మెరక వీధి' పేరు కూడా ఈ కోవలోనిదే.

నామవివేచన:

సంస్కృతంలో 'అంతర్వేది' అంటే రెండు నదుల నడిమి భూమి. ముఖ్యంగా గంగా యమునల మధ్య ప్రాంతానికి ఈ పేరు రూఢమైంది. ఉత్తరప్రదేశ్‌లోని ఇందోర్ గ్రామంలో లభించిన స్కందగుప్తుని తామ్రశాసనంలో (క్రీ.శ. 5వ శతాబ్ది) ఈ పేరుగల విషయం పేర్కొనబడింది. కోనసీమ అంతర్వేదికి స్థలపురాణం మరో వ్యుత్పత్తి చెబుతుంది: బ్రహ్మ రుద్రయాగం చేసిన వేదిక గనుక అంతర్వేది. యాగవేదిక అనే అర్థం క్షేత్రమహిమను తెలుపుతుంది. జలాల నడిమి నేల అనే అర్థం క్షేత్రస్థితిని తెలుపుతుంది. ఈ రెండు అర్థాలూ ఒకదానినొకటి కాదనవు.

స్థలపురాణంలో భౌగోళిక స్పృహ:

హిరణ్యాక్షుని కుమారుడైన రక్తవిలోచనుని వధ ఈ స్థలపురాణంలోని ప్రధాన ఘట్టం. అతని నెత్తురు ఎన్ని ఇసుక రేణువులపై పడితే అంతమంది రాక్షసులు పుట్టేటట్లు వరం ఉంది. వశిష్ఠుని ప్రార్థనపై నరసింహస్వామి వచ్చి, నెత్తురు నేలపై పడకుండా మాయాశక్తి చేత ఆపించి అతనిని సంహరిస్తాడు. ఆ నెత్తురే రక్తకుల్య అనే నదిగా ప్రవహించిందని కథ. వరానికి కొలమానంగా ఇసుక రేణువును ఎంచుకోవడం ఇసుక నేల మీద పుట్టిన కథకు సహజం. ఆ మాయాశక్తియే అశ్వారూఢాంబిక, జనవ్యవహారంలో గుర్రాలక్క. ఆమెను స్వామి సోదరిగా భావిస్తారు. స్వామి విగ్రహాన్ని వెలుగులోకి తెచ్చినవాడుగా చెప్పే కేశవదాసు పేరు సమీపంలోని కేశవదాసుపాలెం గ్రామనామంలో నిలిచి ఉంది.

ఆలయ చరిత్ర, తీర సమాజం:

ప్రస్తుత లక్ష్మీనరసింహస్వామి ఆలయం 1823 నాటిది. దీనిని నిర్మించినది బెండమూర్లంకకు చెందిన అగ్నికులక్షత్రియుడు కొపనాతి కృష్ణమ్మ. అనువంశిక ధర్మకర్తలు వశిష్ఠకు ఆవలి ఒడ్డున గల మొగల్తూరు సంస్థానాధీశుల వంశీయులు. నిర్మాత వైనతేయ ముఖద్వారం వద్దివాడు, ధర్మకర్తలు వశిష్ఠ అవతలివారు. జలమార్గాలే రాకపోకలకు ఆధారమైన కాలంలో నది ఊళ్లను విడదీయలేదు, కలిపింది. సఖినేటిపల్లి, నరసాపురం రేవుల మధ్య తిరిగే పంటు ఆ అనుబంధానికి నేటి రూపం.

ఏటా మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, భీష్మ ఏకాదశినాడు రథోత్సవం, పౌర్ణమినాడు సముద్రంలో చక్రస్నానం జరుగుతాయి. రథం గుర్రాలక్క గుడికి వెళ్లడం ఆచారం. 2020 సెప్టెంబరులో పాత రథం అగ్నికి ఆహుతైంది. కొత్త రథం 2021 ఫిబ్రవరి ఉత్సవాల నాటికి సిద్ధమైంది.

తీరం వెనుకంజ:

1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో నిర్మించిన ధవళేశ్వరం ఆనకట్ట, ఆ తరువాత వైనతేయపై కట్టిన గన్నవరం అక్విడక్టు ఈ లంకభూమికి సాగునీరు అందించాయి. ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో ఎగువన జాయక్‌వాడీ, శ్రీరామసాగర్ వంటి జలాశయాలు వచ్చాయి. వాటి వెనుక ఒండ్రు ఆగిపోవడంతో సముద్రానికి చేరే మట్టి తగ్గింది. అలలు కోసుకుపోయే మట్టికి బదులు మట్టి రాకపోతే తీరం వెనక్కి జరుగుతుంది. ఆస్వాన్ ఆనకట్ట తరువాత నైలు డెల్టాలోనూ ఇదే జరిగింది. అంతర్వేది పల్లిపాలెంలో పోటు ఎక్కువైనపుడు సముద్రపు నీరు ఇళ్ల వరకు వస్తోంది. పొరుగు మలికిపురం మండలంలో శంకరగుప్తం మురుగుకాలువ ద్వారా ఎగదన్నే ఉప్పునీటికి కొబ్బరిచెట్లు మోడువారుతున్నాయి.

ముగింపు:

అంతర్వేది చరిత్రకు 1823 ఒక స్పష్టమైన కాలసూచి. అంతకు ముందరి చరిత్రలో అధికభాగం ఊళ్ల పేర్లలో, దిబ్బల వరుసలలో, మౌఖిక కథలలో ఉంది. ఈ ఆధారాలకు నిలయమైన నేలే కోతకు గురవుతున్నది. పల్లిపాలెం వంటి ఆవాసం తరలిపోతే వీధుల పేర్లు, వేట పదజాలం, రేవుల జ్ఞాపకం వాటి స్థలసంబంధాన్ని కోల్పోతాయి. కాబట్టి ఈ తీరగ్రామాల స్థలనామాలను, వృత్తిపదాలను పటాలతో సహా నమోదు చేయడం తెలుగు పరిశోధకులు వెంటనే చేపట్టవలసిన పని. తీరరక్షణ ఇంజనీర్ల బాధ్యత కాగా, ఆ తీరపు మాటను రక్షించడం భాషాశాఖల బాధ్యత.