వల లాగిన మరునాటి నొప్పి

తూర్పు తీరములో యంత్రపు పడవలకు ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు చేపలవేట నిషేధము. ఆ 61 దినములు మైపాడు, ఇస్కపల్లి, తుమ్మలపెంట మొదలగు నెల్లూరు తీరగ్రామములలో పడవలు ఇసుకమీదనే ఉండును. వలలు బాగుచేసికొనుట తప్ప ఒంటికి పెద్ద పని ఉండదు. జూన్ 15న పడవను నీటిలోనికి త్రోయుట, తడిసి బరువెక్కిన వలను చేతులతో పైకి లాగుట ఒక్కసారిగా మొదలగును. ఆ దినము ఏమియు తెలియదు. మరునాడు, ఆ మరునాడు దగ్గినచో రొమ్ము పట్టును. నవ్వినచో పొట్ట నొచ్చును. ప్రక్కకు ఒత్తిగిలుట కూడ కష్టమగును. దీనిని ఊరిలో "నరము పట్టినది" అందురు. నిజమునకు పట్టినది నరము కాదు, కండరము.

ఒకపర్యాయము మా విద్యార్థులను తీరమునకు తీసికొనిపోయి, అలివి వల లాగువారిని చూపి, "వీరు దేనితో లాగుచున్నారు?" అని అడిగితిని. అందరును "చేతులతో" అన్నారు. ఒక బాలుడు మాత్రము "పాదములతో" అన్నాడు. అతడే సత్యమునకు దగ్గరగా ఉన్నాడు. చేతులు త్రాటిని పట్టుకొనును; పాదములు ఇసుకను తన్నును. ఆ తన్నిన బలము త్రాటివరకు చేరవలెనన్న నడుమనున్న మొండెము కఱ్ఱవలె బిగిసి యుండవలెను. ఆ బిగింపు పొట్ట కండరముల పని.

పొట్టగోడలో ప్రతి ప్రక్కను నాలుగు ముఖ్య కండరములు కలవు. ఒకటి ముందువైపున నిలువుగా ఉండును. మిగిలిన మూడును ప్రక్కన పొరలుగా ఉండును. చేతులు పంట్లాము జేబులలో దూర్చినప్పుడు వ్రేళ్ళు ఏ దిశగా వాలునో, పైపొర పోగులు ఆ దిశగా వాలియుండును. రెండవ పొర పోగులు దానికి అడ్డముగా పోవును. మూడవది మొలకు చుట్టిన తువ్వాలువలె చుట్టుకొని యుండును. ఈ నాలుగును పైన ప్రక్కటెముకలకు అంటుకొనియున్నవి. పైపొర ఒక్కటే క్రింది ఎనిమిది ఎముకలను పట్టుకొనియుండును. కనుకనే పొట్ట కండరము బెణికినను నొప్పి రొమ్ములో ఉన్నట్లు తోచును.

మరి నొప్పి మరునాడు ఏల? కండరములో లాక్టికామ్లము నిలిచిపోవుటచేత అని చాలకాలము చెప్పుకొనిరి. కొందరు నేటికిని చెప్పుచున్నారు. కాని పని మానిన సుమారు గంటలో ఆ ఆమ్లము మామూలు స్థితికి వచ్చును. నొప్పి మొదలగునది 12 నుండి 24 గంటల తరువాత. ముదురునది రెండవ, మూడవ దినములలో. కండరపు పోగులు సూక్ష్మముగా చిట్లుటయే దీనికి కారణమని థియొడోర్ హఫ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1902లోనే సూచించెను. బిగిసిన కండరము సాగదీయబడునప్పుడు ఈ నష్టము హెచ్చుగా కలుగును. నరసింహకొండ ఎక్కినప్పటికంటె దిగిన మరునాడు తొడలు ఎక్కువ నొచ్చుట ఇందువలననే. వల లాగువాడు బిగబట్టి నిలువగా, అల వలను వెనుకకు గుంజును. పొట్ట కండరమునకు అది కొండ దిగుటవంటిదే.

ఇంతవరకు చెప్పినది అపాయము లేని నొప్పి. అయితే రొమ్మునొప్పి ప్రతిదియు ఇట్టిది కాదు. నాకు తెలిసిన ఒక పడవ యజమాని, వేట మొదలైన వారములోనే రొమ్ములో బరువు తోచగా, వల లాగిన నొప్పి అనుకొని రెండు దినములు కాపడము పెట్టించుకొనెను. అది గుండెపోటు. ప్రాణము దక్కినది గాని, గుండె కండరములో కొంత భాగము దక్కలేదు.

కండరపు నొప్పిని సాధారణముగా వ్రేలితో చూపవచ్చును. నొక్కినచో హెచ్చును, ఒక ప్రక్కకు తిరిగినచో హెచ్చును. గుండెనొప్పిని వ్రేలితో చూపలేరు, అరచేయి రొమ్ముపై పరచి చూపుదురు. బరువుగా, పిండినట్లుండి దవడకో ఎడమచేతికో ప్రాకును. చెమట, ఆయాసము, వాంతి తోడగును. మధుమేహ రోగులలోను, స్త్రీలలోను ఈ గుర్తులు స్పష్టముగా ఉండకపోవచ్చును. కనుక అనుమానము ఏ కొంచెము ఉన్నను కాపడము, "గ్యాసు" మందు అని జాగుచేయక 108కి ఫోను చేయవలెను. నొక్కిన నొచ్చినంత మాత్రమున గుండె క్షేమమని నిర్ణయించుటకు వీలులేదు.

పొట్ట విషయములో ఒక చక్కని పరీక్ష కలదు. అమెరికా శస్త్రవైద్యుడు కార్నెట్ 1926లో దీనిని వివరించెను. రోగిని వెల్లకిల పండుకొనబెట్టి, నొచ్చుచోట వైద్యుడు వ్రేలితో నొక్కి, చేతుల సాయము లేకుండ తల, భుజములు ఎత్తుమనును. అప్పుడు పొట్టగోడ బిగియును. నొప్పి లోపలి అవయవములదైనచో బిగిసిన గోడ డాలువలె అడ్డుపడగా తగ్గును. గోడదే అయినచో తగ్గదు, హెచ్చును. దగ్గినప్పుడు ఉబ్బు కనబడినచో మాత్రము అది వరిబీజము కావచ్చును. వ్యాయామము మాని వైద్యుని చూడవలెను.

ఇక చికిత్స. చేయి బెణికినచో కట్టు కట్టి కదలకుండ ఉంచవచ్చును. రొమ్మును అట్లు చేయలేము. నిమిషమునకు 15 సారులు ఊపిరి పీల్చినచో, దినమునకు 21,600 సారులు ప్రక్కటెముకలు కదలవలసియున్నది. గుడ్డతో రొమ్ము బిగించి కట్టు అలవాటు మంచిది కాదు; ఊపిరి పైపైననే ఆడి, తిత్తుల అడుగుభాగము గాలి చేరక ముడుచుకొనును, కఫము నిలుచును. కనుక ఫిజియోథెరపీ ఊపిరితోనే మొదలగును. మోకాళ్ళు మడిచి వెల్లకిల పండుకొని, పొట్టపై చేయి ఉంచి, ఆ చేయి లేచునట్లు ముక్కుతో పీల్చి, పెదవులు సున్నచుట్టి మెల్లగా విడువవలెను. దగ్గు వచ్చినప్పుడు దిండును నొప్పిచోట హత్తుకొనవలెను.

ఉప్పు కాపడము హాయినిచ్చును, అంతే. చిట్లిన పోగును అతుకదు. స్పర్శ తగ్గిన మధుమేహ రోగికి చర్మము కాలు ప్రమాదము కూడ కలదు. కలుక్కుమని ఒక్కసారిగా బెణికినచో మొదటి రెండు దినములు కాపడము, మర్దన మాని, గుడ్డలో చుట్టిన మంచును పది నిమిషములు ఉంచుట మేలు. విద్యుత్తు యంత్రములపై జనులకు మోజు హెచ్చు. నా అభిప్రాయములో అవి వ్యాయామమునకు తోడే గాని బదులు కావు.

నొప్పి కొంత తగ్గగానే మడిచిన మోకాళ్ళను ఇటునటు వాల్చుట, పిమ్మట తల, భుజములు కొద్దిగా ఎత్తుట, ఆపై పిల్లివలె నాలుగు కాళ్ళమీద నిలిచి ఒక చేయి, ఎదుటి కాలు చాపుట, ఇట్లు క్రమముగా పని పెంచవలెను. వ్యాయామపు నొప్పి మరునాటి ఉదయమునకు చల్లారినచో అంతే కొనసాగింపవచ్చును, చల్లారనిచో తగ్గింపవలెను. చివరి మెట్టు త్రాటిని లాగుట. ఊపిరి బిగబట్టి లాగినచో రక్తపుపోటు హఠాత్తుగా పెరుగును, విడుచుచు లాగవలెను. వల లాగువారు "హైలెస్సా" అనుట తాళము కొరకేనని తలచితిమి గాని, కేక వేయువాడు ఊపిరి బిగబట్టలేడు గదా!

ఒకసారి కొద్దిగా శ్రమపడి కోలుకొనిన కండరము కొన్ని వారములవరకు అదే పనికి అంతగా నొవ్వదు. కనుక మే నెల చివరనే దినము విడిచి దినము, గట్టున నాటిన గుంజకు కట్టిన త్రాటిని పది నిమిషములు లాగుచు వచ్చినవానికి జూన్ 16 ఉదయము దగ్గుటకు దిండు అవసరముండకపోవచ్చును.