గుండె కాలువలు – మిగులు ప్రవాహము



నల్లగొండ, పాలమూరు సీమల పెద్దలకు చెరువు, తూము, కాలువ యనునవి నేను చెప్పవలసినవి కావు. ఆ యెఱుకనే యాధారముగా గొని, గుండెజబ్బు గలవారికి వైద్యులు చేయు నొక కొలతను గూర్చి మనవి చేసెదను. నేను వైద్యుడను గాను. బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి గొన్నవాడను.

గుండె యొడలికంతకును నెత్తురు నంపును. తనకు గావలసిన నెత్తురును మాత్రము తనపై నల్లుకొనిన సన్నని నాళముల గుండనే పొందును. ఊరక కూర్చున్నప్పుడు వానిలో నిమిషమునకు సుమారు పావులీటరు పాఱును. అందలి ప్రాణవాయువులో నూటికి డెబ్బది పాళ్లను గుండె యప్పుడే గ్రహించును. కావున గుట్ట యెక్కునప్పుడును, బస్తా మోయునప్పుడును నెత్తురే యధికముగా రావలయును. ఆరోగ్యవంతుని నాళములు విప్పారి మూడు నాలుగు రెట్లు ప్రవాహము నీయగలవు. ఈ పెంపుశక్తికే మిగులు ప్రవాహమని పేరు.

కాలువలో గొంత పూడిక చేరినను ఆరుతడి పైరునకు నీరు చాలును. యాసంగి నాట్లకు పొలమంతయు నొక్కమాఱే నీరడిగినప్పుడు లోటు బయలుపడును. గుండెయు నట్టిదే. నాళపు వెడల్పు కొంత మూసికొనినది మొదలు పెంపుశక్తి తగ్గుననియు, విశ్రాంతి ప్రవాహము మాత్రము సుమారు 85 పాళ్లు మూసికొనువఱకు నిలుచుననియు 1974లో అమెరికా వైద్యుడు లాన్స్ గౌల్డ్ కుక్కలపై పరీక్షించి చూపెను. "కూర్చున్నప్పుడు నాకేమియు లేదు" అను మాట యిందుచేతనే నమ్మదగినది కాదు.

ఇక కొలుచు విధము. మొదట విశ్రాంతి ప్రవాహమును గొలుతురు. పిదప అడినోసిన్ అను మందునిచ్చి, నాళములు విప్పారగా మరల గొలుతురు. మొదట 20 పాళ్లై పిదప 60 అయినచో మిగులు మూడు. 30 మాత్రమే యైనచో ఒకటిన్నర. రెండునకు లోపైనచో కొఱతయని యెంతురు. ఇందులకు నాళములోనికి సన్నని తీగ నంపుటయు, పెట్ యంత్రముతో బొమ్మలు దీయుటయు గలవు.

ఈ యడినోసిన్‌తో మనవారికి నొక సంబంధము గలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1929లో సైరస్ ఫిస్కేతో గూడి కండరములయందు గనుగొనిన యడినోసిన్ ట్రైఫాస్ఫేటులో నిది యొక భాగము.

ఇరుకునకు ముందువెనుకల నెత్తురు ఒత్తిడిని బోల్చు కొలత వేఱొకటి. ఆ పాలు 0.80 గాని, అంతకు దక్కువ గాని యైనచో నా యిరుకు ప్రవాహమును నిజముగా నడ్డుచున్నదని యర్థము. 1005 మంది రోగులపై జరిగి 2009లో ప్రకటింపబడిన ఫేమ్ పరిశోధనలో, బొమ్మను మాత్రము చూచి చికిత్స చేసినవారికి సగటున 2.7 స్టెంట్లు పడగా, ఒత్తిడి గొలిచి చేసినవారికి 1.9 పడెను, ఏడాదిలో మరణము, గుండెపోటు, మరల చికిత్స యనునవి మొత్తముమీద తక్కువయ్యెను.

పెద్దకాలువ తెఱపిగా నున్నను పిల్లకాలువలు పూడినచో చేను తడవదు. మధుమేహము గలవారియందు సూక్ష్మనాళము లిట్లు చెడవచ్చును. బొమ్మలో నడ్డు కనబడకున్నను మిగులు ప్రవాహపు కొలత యా లోపమును బట్టియిచ్చును.

కావున నడచినప్పుడు ఱొమ్ము పట్టినచో దవాఖానకు బొండు. ఇరుకు మధ్యరకముగా నున్నదన్నచో, "ప్రవాహమును గొలుచుట యవసరమా?" యని వైద్యుని వినయముగా నడుగుడు. కూర్చున్నను నొప్పి తగ్గనిచో నే కొలతకును వేచియుండక వెంటనే 108కి కబురంపుడు. గండి పడిన కట్టకడ కొలబద్దతో బనిలేదు గదా.