నిద్రించు పచ్చిక

తీగ వాడినచో నీరు పోయుట, పైరు పాలిపోయినచో ఎరువు వేయుట మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విద్యయే నన్నొకసారి దారి తప్పించినది.

ఒక వేసవిలో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున మా కుమారుని ఇంట కొన్నాళ్ళుంటిని. మే నెలలో చిలుకరెక్కవలె నున్న ముంగిటి పచ్చిక జూలై నడుమకు గోధుమవన్నెకు తిరిగినది. బడిపంతులుకు ఊరకుండుట చేతకాదు గదా! నున్నగా కనబడునని మొదలంట కోయించితిని. నత్రజని ఎరువు చల్లితిని. ప్రతి సాయంకాలము పైపైన నీరు చిలుకరించితిని. రెండు వారములలో గుండ్రని తెగులు మచ్చలు బయలుదేరినవి.

అది మన గరిక కాదు. కెంటకీ బ్లూగ్రాస్, ఫెస్క్యూ, రై అను చలువ కోరు గడ్డిజాతులు. 15 మొదలు 24 సెంటీగ్రేడు డిగ్రీల నడుమ వీని ఆకులు ఏపుగా పెరుగును. వేళ్ళకు ఇంకను చల్లదనము కావలెను. ఎండ ముదిరినకొలది, ఆకులలో బొగ్గుపులుసు వాయువును పట్టవలసిన రుబిస్కో అను ఎంజైము దానికి బదులు ప్రాణవాయువును హెచ్చుగా పట్టుకొనును. సమకూర్చిన ఆహారము కొంత వ్యర్థమగును. గరికకు, చెరకునకు, జొన్నకు ఈ బాధ స్వల్పము. అవి బొగ్గుపులుసు వాయువును ముందు వేరొక కణమున బంధించి, చిక్కపరచి, రుబిస్కోకు అందించును. చెరకు ఆకులలోని ఈ మార్గమును హాచ్, స్లాక్ అను శాస్త్రజ్ఞులు 1966లో ఆస్ట్రేలియాలో వివరించిరి. మనము వినాయకునికి అర్పించు గరికనే, బెర్ముడా గడ్డి యని పేరుపెట్టి, బ్లూగ్రాస్ పెంచువారు కలుపుగా పెరికివేయుదురు!

కనుక ఆ గోధుమవన్నె సాధారణముగా మరణము కాదు, నిద్ర. దుబ్బు మొదలు తెల్లగా, గట్టిగా నున్నచో ప్రాణమున్నదన్నమాటే. మేల్కొలిపి యుంచదలచినచో వానతో కలిపి వారమునకు ఒక అంగుళము నీరు, ఒకటి రెండు తడవలలో, తెల్లవారుజామున, లోతుగా దిగునట్లు పెట్టవలెను. నిద్రపోనిచ్చినచో రెండు మూడు వారములకొకసారి అర అంగుళము చాలును. మాటిమాటికి లేపి పండబెట్టుట మాత్రము కూడదు. లేచినప్పుడెల్ల అది దాచుకొన్న ఆహారమును ఖర్చుచేయును. సాయంకాలపు తడి రాత్రియంతయు ఆకుపై నిలిచి శిలీంధ్రములను పోషించును. నత్రజని వానికి తోడగును. కోతను 3, 4 అంగుళముల ఎత్తున ఆపినచో నేలకు నీడ, వేళ్ళకు లోతు. ఎరువునకు, క్రొత్త గింజలకు సెప్టెంబరు తగిన కాలము.

పెరటివైపు గడ్డికి నేనేమియు చేయలేదు. నీటిగొట్టము అంతదూరము పోలేదు. అక్టోబరులో మావాడు పంపిన ఛాయాచిత్రమున పెరడు పచ్చగా నున్నది. ముంగిట మచ్చలలో నింకను గింజలు మొలకెత్తుచున్నవి.