పెరట్లో గునుగు

బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు తర్వాత చేయి వెతికేది గునుగునే. పల్లెలో ఉన్నవాళ్లు చెలక గట్ల మీదికి వెళ్లి తెంపుకొస్తారు. పట్నంలో ఉన్నవాళ్లు పండుగ ముందు మార్కెట్లో కట్టలు కొంటారు. కొనేవాళ్లలో చాలామంది ఆ మొక్క నేలలో నిలబడి ఉండగా చూసి ఉండరు. ఊరి చుట్టూ ఉన్న బీళ్లు ప్లాట్లయ్యాయి. పత్తి, మొక్కజొన్న చేలల్లో కలుపు మందు కొడుతున్నారు. రైతుకు గునుగు కలుపే, ఆయన కోపం న్యాయమైనదే. అందుకే దానికి ఇంటి పెరట్లో, మేడ మీది కుండీల్లో ఇంత చోటు ఇవ్వాలంటాను. పెంచడం కష్టమేమీ కాదు. కాకపోతే నర్సరీ మొక్కను సాకినట్టు సాకితే అది ఎదగదు. దాని లెక్కలు దానికున్నాయి, అవి తెలుసుకుని పెంచాలి.

శాస్త్రవేత్తలకు ఇది సెలోషియా అర్జెంటియా. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు. తోటకూర కుటుంబానికి చెందిన ఏకవార్షికం, అంటే మొలవడం, పూయడం, గింజ రాల్చి ఎండిపోవడం అన్నీ ఒక్క ఏడాదిలోనే అయిపోతాయి. దీని పుట్టిల్లు ఆఫ్రికాయా, మన దేశమా అన్నదానిపై వృక్షశాస్త్రజ్ఞుల్లో ఏకాభిప్రాయం లేదు. ఎవరూ నాటకుండా, నీళ్లు పోయకుండా మన చెలకల్లో తరతరాలుగా బతుకుతున్న మొక్క కాబట్టి మన నేల పువ్వు అనడానికి నాకు సందేహం లేదు. తోటల్లో కనిపించే ఎర్రటి కోడిజుట్టు పువ్వు కూడా దీని వంశమే. ఎదుగుతున్న కొన ఒక్క బిందువుగా ఉండకుండా అడ్డంగా సాగిపోవడం వల్ల దానికి ఆ ముడతల జుట్టు వచ్చింది.

ఒక గునుగు కంకిని తెంపి భూతద్దం కింద పెట్టి చూడండి. మనం పువ్వు అని పిలిచేది నిజానికి వందలాది చిన్న పువ్వుల వరస. ఒక్కో పువ్వులో అయిదు రేకులు కనిపిస్తాయి గానీ అవి ఆకర్షణ పత్రాలు కావు. ఈ పువ్వుకు ఆకర్షణ పత్రాలే లేవు. ఉన్నది ఒకే వలయం, అదీ పుట్టుకతోనే పల్చటి కాగితంలా పొడిగా ఉంటుంది. అందులో నీరు దాదాపు లేదు కాబట్టి వాడిపోవడానికీ ఏమీ లేదు. మందారం సాయంత్రానికి ముడుచుకుపోతుంటే తెంపిన గునుగు వారాల తరబడి అలాగే ఉండటానికి కారణం ఇదే. లోపల అయిదు కేసరాలు అడుగున కలిసిపోయి చిన్న గిన్నెలా ఉంటాయి. మధ్యలోంచి సన్నటి కీలం పైకి పొడుచుకొస్తుంది.

కంకి కొన గులాబీ రంగులో, అడుగు వెండి తెలుపులో ఎందుకుంటుంది? పూత కిందినుంచి పైకి నడుస్తుంది. కొనన ఉన్నవి లేత మొగ్గలు, కిందివి పండిన పూలు. వయసు పెరిగేకొద్దీ రంగు వెలిసి తెలుపు మిగులుతుంది. ఆ గులాబీ రంగు కూడా మామూలుది కాదు. మందారం, వంకాయ వంటివాటికి రంగునిచ్చేది ఆంథోసయనిన్. గునుగులో ఉన్నది బీటలైన్ అనే మరో జాతి వర్ణకం. బీట్‌రూట్, ఎర్ర తోటకూర, కాగితపు పూలకు రంగునిచ్చేదీ అదే. ఒక మొక్కలో ఈ రెంటిలో ఏదో ఒకటే ఉంటుంది, రెండూ కలిసి ఉండవు. రంగు వెలిసిన తెల్లటి కంకులు రంగునీళ్లను బాగా పట్టుకుంటాయని బతుకమ్మ పేర్చే ఆడవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు.

ఇక విత్తడం. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో, అంటే జూన్ రెండో వారం నుంచి జూలై మొదటివారం లోపు గింజలు చల్లాలి. గింజ నల్లగా మెరుస్తూ, ఆవగింజ కంటే చిన్నగా ఉంటుంది. అంత చిన్న గింజలో తిండి నిల్వ ఎంతుంటుంది? లోతుగా పూడ్చితే మొలక పైకి రాకముందే అది అయిపోతుంది. మట్టిని పైపైన గీరి, గింజలు చల్లి, అరచేత్తో అదిమితే చాలు.

నర్సరీవాళ్లలా ముందు ట్రేలో మొలిపించి తర్వాత మార్చి నాటుదామని మాత్రం అనుకోవద్దు. గునుగుది తల్లివేరు, దాన్ని కదిలిస్తే మొక్క తట్టుకోదు. ట్రేలో వేరు అడుగుకు తగిలి ముడుచుకున్నా, నీరు అందక ఒకసారి వడలినా మొక్క పెరగడం ఆపేసి జానెడెత్తులోనే చిన్న కంకి వేసేస్తుంది. చచ్చేలోపు నాలుగు గింజలైనా మిగల్చాలన్న తొందర ఏకవార్షికాలన్నిటికీ ఉంటుంది. చెలకలో ఆ గుణం దాని వంశాన్ని కాపాడుతుంది, కుండీలో మన ఆశను చెడగొడుతుంది. కాబట్టి ఎక్కడ పూయాలో అక్కడే విత్తాలి. కుండీ అయితే అడుగు లోతుకు తగ్గనిది, నీళ్లు నిలవనిది కావాలి. రోజంతా ఎండ తగలాలి. ఎరువు ఎక్కువైతే ఆకు బలుస్తుంది, పూత వెనకబడుతుంది. మామూలు ఎర్రమట్టిలో గుప్పెడు పాత పశువుల ఎరువు కలిపితే సరిపోతుంది.

జూన్‌లోనే ఎందుకు వేయాలన్నది అసలు ముచ్చట. ఈ మొక్క పూత రాత్రి పొడవును బట్టి నడుస్తుంది. ఆకుల్లో ఉండే ఫైటోక్రోమ్ అనే వర్ణకం చీకటి ఎంతసేపు ఉందో కనిపెడుతుంది. జూన్‌లో హైదరాబాద్‌లో పగలు 13 గంటలు దాటుతుంది. సెప్టెంబర్ చివరికి పగలూ రాత్రీ సమానమవుతాయి. రాత్రులు పెరిగేకొద్దీ గునుగు ఆకుల పని తగ్గించి కంకుల పనిలో పడుతుంది. మృగశిరలో మొలిచిన మొక్కకు ఆ లోపు నడుమెత్తు ఎదిగి కొమ్మలు వేయడానికి సమయం దొరుకుతుంది. ఆగస్టు చివర్లో వేస్తే ఎదగకుండానే పూసేస్తుంది.

గునుగు ఇలా సూర్యుడి లెక్కన నడుస్తుంటే బతుకమ్మ చంద్రుడి లెక్కన వస్తుంది. పండుగ మొదటిరోజైన ఎంగిలిపూల బతుకమ్మ 2023లో అక్టోబర్ 14న వచ్చింది, 2025లో సెప్టెంబర్ 21న వచ్చింది. మూడు వారాలకు పైగా తేడా. రాలిపోయే పువ్వయితే ఏదో ఒక ఏడు పండుగకు అందకుండా పోవలసిందే. గునుగు అందుతుంది. కంకి కొన వారాల తరబడి కొత్త మొగ్గలు వేస్తూ సాగుతుంది, కింద పూసినవి కాగితంలా నిలిచే ఉంటాయి. పండుగ ముందొచ్చినా వెనకొచ్చినా చెలకలో గునుగు ఉంటుందన్న నమ్మకానికి ఆధారం ఈ నిర్మాణమే. ఇంట్లో పెంచేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా, పదిహేను రోజుల ఎడంతో రెండు దఫాలుగా విత్తుకుంటే మంచిది.

పూత మొదలయ్యాక చిన్న చిన్న సీతాకోకచిలుకలు, తేనెటీగలు రోజంతా దాని మీదే ఉంటాయి. ఆ ఒక్క కారణానికైనా పురుగుమందు జోలికి పోవద్దు. ఆకులను గూడులా అల్లుకుని తినే ఆకుపచ్చటి పురుగు ఒకటి వస్తుంది, తోటకూరకు పట్టేది కూడా అదే. ఆ ఆకులు తెంపి పారేస్తే సరి.

లేత ఆకులను పల్లెల్లో కూర వండుకుంటారు. నైజీరియాలో అయితే దీన్ని సోకో అన్న పేరుతో మడుల్లో పండిస్తారు. తోటకూర కుటుంబంలో ఆగ్జలేట్లు ఎక్కువ కాబట్టి ఉడికించి ఆ నీళ్లు వంపేయడం మేలు. ఫ్యాక్టరీల పక్కన, మురుగు పారే చోట మొలిచిన గునుగును మాత్రం వంటకు తేవద్దు. మట్టిలోని కాడ్మియంను ఆకుల్లోకి లాగి దాచుకునే శక్తి దీనికి ఎక్కువని చైనాలో జరిగిన పరిశోధనలు చూపాయి. దీని వేళ్లకు మరో గుణం కూడా ఉంది. జొన్న వేళ్లను పీల్చి బతికే స్ట్రైగా అనే పరాన్నజీవి మొక్క గింజలను గునుగు వేళ్ల స్రావాలు మొలిపిస్తాయి. మొలిచాక పీల్చడానికి జొన్న దొరకక అవి చచ్చిపోతాయి. ఉగాండాలో జొన్న పంట మీద ఈ సంగతి పరీక్షించారు. రైతు కలుపు అనే మొక్కలో ఈ మేలు ఉండటం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది.

పండుగకు కంకులన్నీ కోయొద్దు, మొక్కకు ఒకటి రెండైనా ఉంచండి. గింజ పండాక కాయ కుంకుమభరిణె మూతలా నడుమకు విచ్చుకుంటుంది, గాలికి కంకి ఊగినప్పుడల్లా గింజలు జారతాయి. అడుగు గోధుమరంగుకు తిరగగానే కంకిని పాత పేపరు మీద దులిపి, రెండు రోజులు నీడన ఆరబెట్టి కాగితం పొట్లంలో దాచాలి. పక్కన పొలం ఉంటే రాలకముందే కోసేయడం పొరుగు రైతుకు చేసే మేలు. లేదంటే కొన్ని మట్టిలోనే రాలనివ్వండి. మరుసటి తొలకరికి గుంపుగా మొలుస్తాయి. తోటకూర మొలకల్లో కలిసిపోతే కోలగా, నున్నగా, కొన సన్నబడిన ఆకును బట్టి గుర్తుపట్టవచ్చు. అడుగుకొకటి చొప్పున ఉంచి, మిగతావి లేతగా ఉండగానే పీకితే పప్పులోకి వస్తాయి.