పిల్లల మల్టీవిటమిన్‌లలోని పోషక విలువలు: తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
పిల్లల కోసం అమ్మే మల్టీవిటమిన్ సిరప్‌లు, గమ్మీలు, పాలలో కలిపే పొడుల లేబుళ్ళపై పోషకాల అంకెలు వేర్వేరు కొలమానాలలో కనిపిస్తాయి. ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్లుగా పోల్చితే ఫలితం తప్పుతుంది. యూనిట్, పరిమాణం, రసాయన రూపం, మోతాదుల మధ్య వ్యవధి అనే నాలుగు అంశాలను సమానం చేసి పోల్చే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ప్రభుత్వం ఉచితంగా అందించే పోషకాలను కూడా అదే లెక్కలో చేర్చవలసిన అవసరాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: సూక్ష్మపోషకాలు, మల్టీవిటమిన్, విటమిన్ ఎ, ఇనుము, రక్తహీనత, అంగన్‌వాడీ.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులో అమీర్‌పేటను ఆనుకొని ఉన్న మధురానగర్ వంటి నివాస ప్రాంతాలలో పిల్లల మల్టీవిటమిన్‌లు మందుల దుకాణాలలో సులభంగా దొరుకుతాయి. అంగన్‌వాడీ కేంద్రాలను నిర్వహించే తెలంగాణ మహిళాభివృద్ధి, శిశుసంక్షేమ శాఖ రాష్ట్ర కార్యాలయం ఆ సమీపంలోనే వెంగళరావునగర్‌లో ఉంది. పోషక ప్రమాణాలను రూపొందించే జాతీయ పోషకాహార సంస్థ ఇదే నగరంలో తార్నాకలో ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన పరిశోధన విభాగమే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఈ పేరు పొందింది.

కొనే పోషకం, ఉచితంగా అందే పోషకం, వాటిని కొలిచే ప్రమాణం మూడూ ఒకే నగరంలో ఉన్నాయి. అయితే ఇంట్లో తల్లిదండ్రులు ఈ మూడింటినీ కలిపి చూడడానికి లేబుల్ ఏమాత్రం తోడ్పడదు. మన దేశంలో ఆహార పదార్థాల లేబుల్ ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటే చాలు. తెలుగు తప్పనిసరి కాదు.

2. మందు – ఆహారం: రెండు చట్టాలు

ఒకే అరలో పక్కపక్కన ఉండే రెండు సీసాలు రెండు వేర్వేరు చట్టాల కిందికి రావచ్చు. మందుగా తయారైన విటమిన్ సిరప్‌కు 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం వర్తిస్తుంది. దానిపై ఔషధ తయారీ లైసెన్సు సంఖ్య ఉంటుంది. అనుబంధ ఆహారంగా అమ్మే గమ్మీ లేదా పొడిపై ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ముద్ర, 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉంటాయి. ఆరోగ్య అనుబంధంగా నమోదైన ఉత్పత్తిపై అది వైద్య చికిత్సకు ఉద్దేశించినది కాదన్న ప్రకటన కూడా ఉండాలి. కాబట్టి పోలికకు ముందు ఆ ఉత్పత్తి ఏ వర్గానికి చెందినదో గుర్తించడం అవసరం.

3. యూనిట్, పరిమాణం

భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం 4–6 ఏళ్ళ పిల్లలకు రోజుకు విటమిన్ ఎ 510 మైక్రోగ్రాములు, ఇనుము 11 మిల్లీగ్రాములు, కాల్షియం 550 మిల్లీగ్రాములు, జింకు 4.5 మిల్లీగ్రాములు అవసరం. ఇది ఆహారంతో సహా మొత్తంగా అందవలసిన పరిమాణం. సీసా నుంచి మాత్రమే అందవలసినది కాదు.

లేబుళ్ళలో విటమిన్ ఎ ఒకచోట అంతర్జాతీయ యూనిట్లలోనూ, మరొకచోట మైక్రోగ్రాములలోనూ ఉంటుంది. ఒక అంతర్జాతీయ యూనిట్ 0.3 మైక్రోగ్రాముల రెటినాల్‌కు సమానం. విటమిన్ డి విషయంలో 40 యూనిట్లు ఒక మైక్రోగ్రాముకు సమానం. అంటే ‘యూనిట్’ అన్న మాట ఒకటే అయినా విటమిన్‌ను బట్టి దాని బరువు మారుతుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణను పరిశీలించవచ్చు. ఒక సిరప్ 5 మిల్లీలీటర్లలో 1600 యూనిట్ల విటమిన్ ఎ ఉన్నదనీ, ఒక పొడి 100 గ్రాములలో 600 మైక్రోగ్రాములు ఉన్నదనీ అనుకుందాం. సిరప్ మోతాదు 5 మిల్లీలీటర్లు, పొడి మోతాదు 30 గ్రాములు. సిరప్ నుంచి 480 మైక్రోగ్రాములు, పొడి నుంచి 180 మైక్రోగ్రాములు అందుతాయి. మొదటిది రోజు అవసరంలో సుమారు 94 శాతం, రెండవది 35 శాతం. రెండూ వాడితే మొత్తం 660 మైక్రోగ్రాములు. 4–8 ఏళ్ళ పిల్లలకు రోజువారీ రెటినాల్ గరిష్ఠ పరిమితిని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2001లో 900 మైక్రోగ్రాములుగా నిర్ణయించింది. పాలు, గుడ్లు మొదలైన వాటి నుంచి వచ్చే రెటినాల్‌ను కూడా కలిపితే ఆ పరిమితి ఎంతో దూరంలో ఉండదు. విటమిన్ ఎ కొవ్వులో కరిగి కాలేయంలో నిలవ ఉంటుంది కనుక ఈ లెక్కకు ప్రాధాన్యం ఉంది.

4. రసాయన రూపం

ఇనుము విషయంలో మరొక చిక్కు ఉంది. లేబుల్‌పై కనిపించే అంకె లవణం బరువా, అందులోని అసలు ఇనుము బరువా అన్నది చూడాలి. స్ఫటిక జలంతో కూడిన ఫెర్రస్ సల్ఫేట్‌లో ఇనుము సుమారు 20 శాతం, ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో సుమారు 33 శాతం, ఫెర్రస్ గ్లూకోనేట్‌లో సుమారు 12 శాతం. అందువల్ల 50 మిల్లీగ్రాముల సల్ఫేట్‌లో 10 మిల్లీగ్రాములు, 33 మిల్లీగ్రాముల ఫ్యూమరేట్‌లో దాదాపు 11 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. పెద్ద అంకె ఉన్న సీసాలోనే ఇనుము కొంచెం తక్కువ. కాల్షియం కార్బొనేట్‌లో 40 శాతం, సిట్రేట్‌లో 21 శాతం మాత్రమే కాల్షియం ఉండడం కూడా ఇలాంటిదే. పైగా ఇనుము శోషణకు విటమిన్ సి తోడ్పడుతుంది. కాల్షియం, టీ అడ్డుపడతాయి.

5. వ్యవధి: ఉచితంగా అందే పోషకాలు

పోలికలో సాధారణంగా విస్మరించేది వ్యవధి. జాతీయ పోషకాహార సంస్థ క్షేత్ర పరిశోధనల ఆధారంగా 1970లో పోషకాహార లోపం వల్ల కలిగే అంధత్వ నివారణ పథకం మొదలైంది. ప్రస్తుతం 9వ నెలలో లక్ష యూనిట్లు, ఆ తరువాత 5 ఏళ్ళ వరకు ప్రతి ఆరునెలలకు 2 లక్షల యూనిట్ల విటమిన్ ఎ ద్రావణం ఇస్తారు. 2 లక్షల యూనిట్లంటే 60,000 మైక్రోగ్రాములు. 1–3 ఏళ్ళ పిల్లల రోజు అవసరం 390 మైక్రోగ్రాములు కనుక ఇది సుమారు 150 రోజుల అవసరానికి సమానం. ఆరునెలల వ్యవధి వెనుక ఉన్న తర్కం ఇదే. రోజువారీ గరిష్ఠ పరిమితిని ఈ మోతాదుకు అన్వయించరాదు.

ఇనుమును ఆ విధంగా ఒకేసారి ఇవ్వడం కుదరదు. అధిక మోతాదు ప్రమాదకరం. కనుక రక్తహీనత ముక్త భారత్ కార్యక్రమంలో 6 నెలల నుంచి 59 నెలల పిల్లలకు వారానికి రెండుసార్లు 20 మిల్లీగ్రాముల ఇనుము, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం గల 1 మిల్లీలీటరు సిరప్ ఇస్తారు. సగటున రోజుకు 5.7 మిల్లీగ్రాముల ఇనుము. 1–3 ఏళ్ళ పిల్లల అవసరం 8 మిల్లీగ్రాములు. 5–9 ఏళ్ళ వారికి వారానికొకసారి 45 మిల్లీగ్రాముల గులాబీ రంగు మాత్ర ఇస్తారు. ఈ సిరప్‌లోని ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో సంశ్లేషించిన లెడర్లీ పరిశోధక బృందానికి నేతృత్వం వహించినది భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

దీనికి తోడు 7 నెలల నుంచి 3 ఏళ్ళ పిల్లలకు అంగన్‌వాడీలలో నెలకు 2.5 కిలోల బాలామృతం అందుతుంది. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెలతో తయారైన ఈ పొడికి సూక్ష్మపోషకాలను జోడిస్తారు. మల్టీవిటమిన్ ఇవ్వలేని శక్తి, మాంసకృత్తులు ఇందులో ఉంటాయి. కనుక ఈ రెండూ ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు.

6. లోపం ఎక్కడ ఉంది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 6–59 నెలల పిల్లలలో రక్తహీనత నాల్గవ సర్వే (2015–16) నాటికి 60.7 శాతం, అయిదవ సర్వే (2019–21) నాటికి 70 శాతం. 2016–18 నాటి సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో దేశవ్యాప్తంగా 1–4 ఏళ్ళ పిల్లలలో ఇనుము లోపం 32 శాతం, విటమిన్ ఎ లోపం 18 శాతం, జింకు లోపం 19 శాతంగా తేలింది. అన్నిటికన్నా ఎక్కువగా లోపించినది ఇనుమే. అయితే మిఠాయిలా ఉండే గమ్మీలలో చాలావాటిలో ఇనుము ఉండదు. దాని లోహపు రుచి ఒక కారణం. మిఠాయి అనుకొని పిల్లలు ఎక్కువ తింటే ప్రాణాపాయం కలగవచ్చన్నది మరొక కారణం. కనుక లేబుల్‌లో విటమిన్‌ల పేర్లు ఎన్ని ఉన్నాయన్నది కాక, పిల్లలకు కొరవడిన పోషకం ఉన్నదా లేదా అన్నది పోలికలో ప్రధానం కావాలి.

7. ముగింపు

- ఒక్కొక్క మోతాదులోని పోషకాన్ని ఒకే యూనిట్‌లోకి మార్చిన తరువాతే రెండు ఉత్పత్తులను పోల్చాలి.
- ఇనుము, కాల్షియంల విషయంలో లవణం బరువును కాక మూలకం బరువును లెక్కించాలి.
- ఆరునెలల విటమిన్ ఎ, వారపు ఇనుము మోతాదులను పిల్లల వైద్యునికి తప్పక తెలపాలి. మాతాశిశు సంరక్షణ కార్డు ఇందుకు ఉపకరిస్తుంది.
- మోతాదు, మూలకం బరువు, రోజు అవసరంలో శాతం అనే మూడు అంశాలను లేబుల్‌పై తెలుగులో ముద్రిస్తే ఈ లెక్క ప్రతి ఇంటికీ అందుబాటులోకి వస్తుంది. వాటికి తగిన, అందరికీ అర్థమయ్యే పదాలను స్థిరపరచడం తెలుగు పారిభాషిక పదనిర్మాణంలో కృషిచేసే పరిశోధకుల బాధ్యత.